జవాబు రాయడానికి వెళ్ళిన డాక్టరు

గంగిరేవుల శాసనసభ్యుడు దామిశెట్టి సాంబయ్య అసెంబ్లీలో వేసిన మొట్టమొదటి లిఖితపూర్వక ప్రశ్నకు ప్రభుత్వం పంపిన జవాబు మొత్తం ఏడు మాటలు.

ఆయన అడిగింది ఇది: (అ) గంగిరేవుల పశువుల ఆసుపత్రిలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్న మాట వాస్తవమేనా? (ఆ) అయితే, ఎప్పటి నుంచి? (ఇ) ఎప్పటిలోగా భర్తీ చేస్తారు?

వచ్చింది ఇది: (అ) కాదండీ. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు. (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

సాంబయ్య ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ముప్పై రెండేళ్ళ పాటు పశువుల దాణా, అంటే తెలకపిండి, తవుడు, పత్తిచెక్క అమ్మినవాడు. బస్తాను వేలితో నొక్కి లోపల ఇసుక ఎంత కలిసిందో చెప్పగలడు. ఏడు మాటల సరుకు రావడానికి డెబ్భై రోజులు పట్టింది, అంటే మాటకు పది రోజులు. ఆలస్యం సంగతి అలా ఉంచినా, అడిగిన సరుకు ఒకటి, వచ్చిన సరుకు ఇంకొకటి.

ఎన్నికల్లో ఆయన ఇచ్చిన మాట కూడా ఒక్కటే. కొట్లో లేని సరుకు పేరు బోర్డు మీద రాయడం ఆయనకు అలవాటు లేదు. రోడ్లు వేయిస్తానని గానీ, ఫ్యాక్టరీ తెస్తానని గానీ అనలేదు. "పశువుల డాక్టర్ని తెస్తాను" అన్నాడు. కిందటేడు గాలికుంటు వచ్చి నియోజకవర్గంలో గేదెలు నోట చొంగ కార్చుకుంటూ, గిట్టలు ఊడి, వరసగా పడిపోయాయి. గేదె ఉన్న ప్రతి ఇల్లూ ఆయనకు ఓటేసింది. గంగిరేవులలో గేదె లేని ఇల్లు తక్కువ. గేదె బాగుంటే చెక్క తింటుంది, చెక్క తింటే కొట్టు నడుస్తుంది. ఈ సంగతి ఆయన దాచలేదు, జనమూ తప్పు పట్టలేదు. తన లాభం కూడా అందులో ఉందని చెప్పే నాయకుడు కాస్త నమ్మకస్తుడిలా కనిపించాడు వాళ్ళకి.

జవాబు వచ్చిన రోజున కొట్లో రావూరి అంకమ్మ కూడా ఉంది. అయిదు గేదెల్లో ఒకదాన్ని గాలికుంటుకు పోగొట్టుకున్న మనిషి. మిగిలిన నాలుగింటి పాల మీదే ఆమె ఇల్లు నడుస్తోంది.

"ఏమని రాశారన్నా?" అంది.

"మన ఆసుపత్రిలో డాక్టరు ఉన్నాడంట."

అంకమ్మ రోడ్డుకు అవతల ఉన్న ఆసుపత్రి వంక చూసింది. తలుపుకు తాళం. గేదెను నిలబెట్టి కట్టేసే ఇనుప బోనులో రెండు మేకలు పడుకుని నెమరు వేస్తున్నాయి.

"ఏ మూలున్నాడో చెప్పారా?"

"అది ఉత్పన్నం కాదంట."

"కార్తీకం దాటితే మళ్ళీ గాలికుంటు దిగిద్ది. టీకాలు దీపావళి లోపల పడాలి. అది ఉత్పన్నం అయిద్దో కాదో ఆళ్ళని అడిగి రా, అన్నా" అంది అంకమ్మ, చెక్క బస్తా నెత్తిన పెట్టుకుంటూ.

సాంబయ్య మర్నాడే రాజధానికి బస్సెక్కాడు.

జవాబులు రాయడానికి ప్రభుత్వం ఏడాది క్రితమే ఒక భవనం కట్టింది. దానికో కారణం ఉంది. ఒకసారి ఒక మంత్రిగారు ఫలానా ఊరి చెరువు నిండుకుండలా తొణికిసలాడుతున్నదని సభలో జవాబు చదివారు. ఆ ఊరి సభ్యుడు లేచి, ఆ చెరువు మధ్యలో ఆడిన క్రికెట్ పోటీలో తన కుర్రాళ్ళు గెలిచిన కప్పును తీసి బల్ల మీద పెట్టాడు. సభంతా గొల్లుమంది. ఆ సాయంత్రమే ఉప కార్యదర్శి అనంతశయనం గారు ఒక ఉత్తర్వు తయారు చేశారు. ఇక మీదట ప్రతి జవాబునూ ఆ విషయంలో ప్రత్యక్ష జ్ఞానం కలిగినవారే రాయవలెను. అట్లు రాయువారు రాజధానిలో, పై అధికారి కళ్ళ ఎదుట కూర్చుని రాయవలెను. ఈ ఉత్తర్వుకు దేశమంతటా మంచి పేరు వచ్చింది. చూసి పోవడానికి వేరే రాష్ట్రాల నుంచి బృందాలు కూడా వచ్చాయి.

జవాబుల భవనం ఆవరణలో అడుగు పెట్టగానే సాంబయ్యకు ఒక ఆర్టీసీ బస్సు కనబడింది. డ్రైవరు దాని నీడలో చాప పరుచుకుని కూర్చున్నాడు.

"ఏ ఊరి బస్సు బాబూ?"

"మా ఊరికి బస్సు ఎందుకు రావడం లేదని ఎవరో ఎమ్మెల్యే గారు అడిగారండి. జవాబు చెప్పడానికి తీసుకొచ్చారు. నాలుగు నెలలైంది."

"ఏం చెప్పావు?"

"ఇక్కడుంది గనక రావడం లేదని రాశానండి. భాష బాగోలేదని వెనక్కి పంపారు."

వరండాలో ఒక నాటుపడవ బోర్లించి ఉంది. దాని మీద రేవు నడిపే ముసలాయన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. పక్కగదిలో ముగ్గురు లైన్‌మన్లు, కరెంటు ఎందుకు పోతోందన్న ప్రశ్నకు జవాబు రాస్తూ, చీకటిగా ఉందని కిటికీ దగ్గరికి జరిగి కూర్చున్నారు. సాంబయ్య ఇదంతా వ్యాపారి కళ్ళతోనే చూశాడు. సరుకంతా గోడౌనులో పేరుకుపోయి, కొట్లన్నీ ఖాళీగా ఉన్నాయని అర్థమైంది.

అనంతశయనం గారు లేచి నిలబడి నమస్కరించారు. యాభై దాటిన మనిషి, తెల్లటి బట్టలు, నుదుట సన్నటి నామం.

"దయచేయండి, గౌరవ సభ్యులవారూ. తమ ప్రశ్న మా విభాగానికి అందిన క్షణం నుంచి అత్యంత ప్రాధాన్యతా క్రమంలో పరిశీలింపబడినది."

"పరిశీలించింది ఎవరండీ?"

"ప్రత్యక్ష జ్ఞానం కలిగిన అధికారి."

"అంటే?"

"గంగిరేవుల పశువైద్యులు. ఫణీంద్ర గారని, చాలా నిబద్ధత కలిగిన యువకులు."

సాంబయ్య కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు. "అయ్యా, మా ఊళ్ళో డాక్టరు లేడని అడిగితే, ఆ లేని డాక్టరు చేతే రాయించారా?"

"లేరని ఎలా అనగలం? పోస్టు భర్తీ అయి ఉన్నది. వారి పేరు గంగిరేవుల రిజిస్టరులో ఉన్నది. వారు ఇక్కడ ఉన్నారు. ఖాళీ అనే పదానికి ఎక్కడ అవకాశం ఉన్నదో తమరే సెలవియ్యండి."

"డాక్టర్ని ఓసారి చూడొచ్చా?"

రెండో అంతస్తులో, ఫైళ్ళ మధ్య, ఇరవై ఎనిమిదేళ్ళ కుర్ర డాక్టరు కూర్చుని ఉన్నాడు. వేళ్ళ నిండా సిరా. సాంబయ్య దగ్గరికి రాగానే లేచి, గాలి పీల్చి, ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

"మీ చొక్కా తవుడు వాసన వస్తోంది సార్" అన్నాడు. "గేదె మీద చెయ్యి వేసి ఎనిమిది నెలలైంది."

"ఎందుకు తెచ్చారయ్యా నిన్ను?"

"రాష్ట్రంలోని గేదెలు సంతృప్తిగా ఉన్నవా అని ఎవరో సభ్యులు అడిగారు సార్. జిల్లాకో డాక్టర్ని రమ్మన్నారు. రెండు రోజుల పని అన్నారు. సంతృప్తి అంటే ఏమిటో తేలడానికే ఆరు నెలలు పట్టింది. చివరికి 'ఉన్నవండీ' అని రాసి, బస్సు టికెట్ కూడా తీసుకున్నాను."

"మరి రాలేదే?"

డాక్టరు చూపు దించుకున్నాడు. "స్టాండుకి బయల్దేరుతుంటే మీ ప్రశ్న వచ్చింది సార్. నా గురించి నాకంటే ప్రత్యక్షంగా ఎవరికి తెలుసు? ఆపేశారు."

సాంబయ్య తను వేసిన ప్రశ్నను తలుచుకున్నాడు. రావలసిన డాక్టర్ని ఆపిన బస్తా తన కొట్లోంచే వెళ్ళింది.

"జవాబు ఇచ్చేశారు గదండీ, ఇక పంపించండి" అన్నాడు కిందికి వచ్చి.

"గౌరవ సభ్యులవారికి అనుబంధ సందేహాలు కలగవచ్చును" అన్నారు అనంతశయనం గారు. "సమావేశాలు ముగిసే వరకు ప్రత్యక్ష జ్ఞానాన్ని మేము అందుబాటులో ఉంచుకొనవలసి యున్నది."

సాంబయ్య ఇంటికి వచ్చి పట్టుదల పెంచుకున్నాడు. ప్రశ్న బలంగా లేకపోబట్టే జవాబు బలంగా రాలేదనుకున్నాడు. డాక్టరు లేకపోయినా అప్పటికింకా ఆసుపత్రిలో కాంపౌండరు యేసోబు ఉన్నాడు. తాళం వేసుకుని సైకిలెక్కి ఊరూరా తిరిగి, చేతనైన వైద్యం చేస్తున్నాడు. మంచి హస్తవాసి. నాలుగు మండలాల భారం ఒక్క కాంపౌండరు మీద వేయడం న్యాయమేనా అని సాంబయ్య రెండో ప్రశ్న వేశాడు.

వారం తిరక్కముందే యేసోబుకు తాఖీదు వచ్చింది. భారం సంగతి ప్రత్యక్షంగా తెలిసింది మోస్తున్నవాడికే గదా. వెళ్తూ వెళ్తూ సైకిలు సాంబయ్య కొట్లో పెట్టి, "ఇంతకాలం మీకేం ద్రోహం చేశానండీ?" అని అడిగి బస్సెక్కాడు.

మూడో ప్రశ్న టీకా మందులు చల్లగా ఉంచే ఫ్రిజ్ గురించి. అది పనిచేస్తున్నదా, లేదా? ఫ్రిజ్ నోరు విప్పి చెప్పలేదు గనక, నలుగురు మనుషులు వ్యాను వేసుకుని వచ్చి ఫ్రిజ్‌నే తీసుకెళ్ళారు. లోపల యేసోబు దాచుకున్న మజ్జిగ చెంబు ఉంటే, అది ప్రశ్నలో లేదని చెప్పి నిజాయితీగా గట్టు మీద పెట్టి పోయారు.

ఇక ఊళ్ళో సాంబయ్య పేరు వేరే రకంగా వినబడటం మొదలైంది. ఆయన పోస్టాఫీసు వైపు చూస్తూ నడిస్తే పోస్టుమాస్టరు కిటికీ మూసుకునేవాడు. ఒకరోజు హైస్కూలు హెడ్‌మాస్టరు నిమ్మకాయల సంచీ పట్టుకుని ఇంటికి వచ్చాడు.

"తమరు మా బడి గురించి ఒక్క ముక్క కూడా అడగొద్దండీ" అన్నాడు, చేతులు జోడించి.

"పైకప్పు కారుతోందని విన్నాను మాస్టారూ."

"కారనివ్వండి. కారే పైకప్పయినా ఉంది గదండీ."

నిజానికి అక్కడే ఆగి ఉండవలసింది. కానీ బేరంలో నష్టపోతున్న కొద్దీ ఇంకో పందెం కాయాలనిపించే జబ్బు ఎంత తెలివైన వ్యాపారికైనా ఉంటుంది. సాంబయ్య నాలుగో ప్రశ్న వేశాడు. గంగిరేవుల గేదెల్లో గాలికుంటు లక్షణాలు కనబడుతున్న మాట వాస్తవమేనా?

పదిహేను రోజులకు అంకమ్మ పరుగున వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. చేతిలో ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం.

"సాంబయ్యన్నా, నా మాలచ్చికి కాయితం వచ్చింది!"

సాంబయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. రావూరి అంకమ్మ గారి పాకలోని, కుడి కొమ్ము వంకర తిరిగిన గేదె, సదరు లక్షణముల విషయమున ప్రత్యక్ష జ్ఞానము కలిగి యుండుటకు అవకాశము ఉన్నందున, పదిహేను దినముల లోపు జవాబుల భవనము నందు హాజరు కావలెను. ప్రయాణ సమయమున మేత సొంతముగా తెచ్చుకొనవలెను.

"దానికే ఎందుకొచ్చింది?"

"ఎవుడో వచ్చి ఏ గేదెకి ఒంట్లో బాగోలేదని అడిగాడు. కాస్త దగ్గుతోందని చెప్పా. నా నోరు పడిపోను! పూటకి నాలుగు లీటర్లిచ్చే గొడ్డు. రాజధానికెళ్తే పాలు ఎవుడు పిండుతాడు, మంత్రిగారా?" అంకమ్మ ఏడుపూ కోపమూ కలిపి అరిచింది. "ముందు డాక్టరు పోయాడు. యేసోబు పోయాడు. మందుల పెట్టె పోయింది. ఇప్పుడు గొడ్డు. నువ్వు నోరు తెరిచి అడిగిన ప్రతిదీ పోయిద్ది. దణ్ణం పెడతా, నువ్వింక దేని గురించీ అడగమాకన్నా!"

ఆమె వెళ్ళాక సాంబయ్య తవుడు బస్తాల మీద చాలాసేపు కూర్చున్నాడు. దీపావళికి ఇంకా నలభై రోజులుంది. మంచి పంతులు చెప్పిన పాఠంలా, అంకమ్మ తిట్టిందంతా వరసగా గుర్తు చేసుకున్నాడు. డాక్టరు, కాంపౌండరు, ఫ్రిజ్, గేదె. నాలుగు ప్రశ్నలు వేసి నాలుగు పోగొట్టుకున్నాడు. తప్పు ఎక్కడుంది?

మిల్లు నుంచి చెక్క కొనేటప్పుడు "మంచిదేనా" అని ఆయన ఏనాడూ అడగలేదు. మంచిదేననే అంటాడు ఏ మిల్లువాడైనా. "పైబస్తా కాదు, అడుగుబస్తా విప్పు" అంటాడు. "చెత్త తేలితే ఈ బిల్లు మీద ఎవరు సంతకం పెట్టారో వాళ్ళే వెనక్కి మోసుకెళ్ళాలి" అంటాడు. అంతే. మిల్లువాడు తనే వెళ్ళి మంచి బస్తాలు ఏరి తెస్తాడు. ముప్పై రెండేళ్ళుగా చేసిన పనినే అసెంబ్లీ మెట్లెక్కగానే మర్చిపోయాడు. పెద్దమనుషుల చోటు గదా అని మర్యాదగా, "సరుకుందాండీ?" అని అడిగాడు. ఉందండీ అన్నారు.

ఇంకొకటి కూడా ఉంది. బేరం బిగించేటప్పుడు ఎదుటివాడు పరువుగా బయటపడటానికి ఒక తలుపు వదలాలి. వదలకపోతే వాడు గోడ పగలగొట్టుకుని పోతాడు, బేరమూ పోతుంది.

మర్నాడు అసెంబ్లీ కార్యాలయంలో, ప్రశ్నలు తీసుకునే సెక్షన్ ఆఫీసరు సులోచన గారి ముందు ఒక కాగితం పెట్టాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో కొన్ని వేల ప్రశ్నలు చూసిన మనిషి ఆమె. తల ఎత్తకుండానే చదవడం మొదలు పెట్టింది.

(అ) ఈ ప్రశ్నకు జవాబు ఇచ్చే తేదీకి ముందు ముప్పై రోజులలో, గంగిరేవుల పశువుల ఆసుపత్రిలో ఎన్ని పశువులకు చికిత్స జరిగింది? (ఆ) ఆసుపత్రి తరఫున ఎన్నింటికి గాలికుంటు టీకా వేశారు? (ఇ) ఒక్కటీ లేకపోయినచో, అందుకు కారణమైన ఉత్తర్వు మీద సంతకం చేసిన అధికారి పేరు, హోదా ఏమిటి?

సులోచన గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

"హోదా ఒక్కటే అడిగితే 'సంబంధిత అధికారి' అని రాసేస్తారండీ. పేరు కూడా అడిగారే!"

"నిబంధనలు ఒప్పుకోవాండీ?"

"ఒప్పుకోకేం. ఇన్నాళ్ళకు వాడుకున్నవాళ్ళు లేరు" అని, తనే లేచి వెళ్ళి ముద్ర వేసి తెచ్చింది. "ముప్పై అయిదు రోజుల్లో జవాబు రావాలండీ. దీన్ని నేను చేత్తో పట్టుకెళ్ళి ఇస్తాను. అనంతశయనం గారు చదివేటప్పుడు ముఖం చూడాలని ఉంది."

ఆమె చూసింది. ఏం చూసిందో ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో రెండు టీలు తాగింది.

సాయంత్రానికి సాంబయ్యకు ఫోను వచ్చింది.

"గౌరవ సభ్యులవారూ, నమస్కారం. తమ తాజా ప్రశ్నలో (ఇ) భాగం అనివార్యమంటారా?"

"మొదటి రెండింటికీ అంకెలు రాస్తే, మూడోది ఉత్పన్నమే కాదు గదండీ."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. అనంతశయనం గారు మళ్ళీ అందుకున్నారు.

"ఆ పశువులను రాజధానికి రప్పించి, చికిత్స ఇక్కడే జరిపించినచో?"

"గంగిరేవుల ఆసుపత్రిలో అని రాశానండీ."

"సంఖ్యలే కదా. స్థూలంగా ఒక అంచనా వేసి..."

"అంచనా ఎట్టా కుదిరిద్దండీ? ప్రత్యక్ష జ్ఞానం ఉండాలని దేశానికంతా ఉత్తర్వు చూపించింది తమరే. కళ్ళారా చూసినవాళ్ళే రాయాలి. డాక్టర్ని పిలిచిన కాయితం మీద సంతకం కూడా తమదే గనక, తమరే చూస్తే ఇంకా బాగుంటది. మా ఊరు రండి, గడ్డ పెరుగు తినిపోదురు గాని."

అయిదోరోజు పొద్దున్నే రెండు వ్యాన్లు, ఒక జీపు గంగిరేవులలో దిగాయి. మొదటి వ్యాను ఆగీ ఆగకముందే ఫణీంద్ర దూకేశాడు. రెండో దాంట్లోంచి యేసోబు, ఫ్రిజ్‌ను కౌగిలించుకుని దిగాడు. ఫ్రిజ్ మెడలో "ప్రశ్న సంఖ్య మూడు, సమాచార దశ" అని చీటీ వేలాడుతోంది. జీపులోంచి అనంతశయనం గారు, తెల్లటి బట్టలతో, ఒక పెద్ద నోటు పుస్తకంతో దిగారు. మేకల్ని బోనులోంచి వెళ్ళగొట్టారు.

వరసలో మొదటిది మాలచ్చి. దాని తాఖీదును అంకమ్మ కొమ్ముకే కట్టి తెచ్చింది.

"ఇదిగోండయ్యా, హాజరయ్యింది. మేత కూడా తెచ్చుకుంది. అడగండి మరి!"

అనంతశయనం గారు చెట్టు కింద కుర్చీ వేసుకుని రాయసాగారు. జంతువు సంఖ్య ఒకటి, వర్ణము నలుపు. జంతువు సంఖ్య రెండు, వర్ణము నలుపు. జంతువు సంఖ్య మూడు, వర్ణము నలుపు. పదకొండో గేదె దగ్గర కాసేపు ఆలోచించి, ఎన్నో ఏళ్ళ సర్వీసులో మొదటిసారిగా ఒక సొంత నిర్ణయం తీసుకుని, వర్ణము అనే గడిని కొట్టేశారు.

"రాసింది చాల్లే గానీ, ఈ పలుపు తాడు పట్టుకో అయ్యా" అంది అంకమ్మ. "డాక్టరు బాబుకి రెండు చేతులే ఉన్నాయి."

"నేను పర్యవేక్షణాధికారిని అమ్మా."

"పలుపు పట్టుకుంటే ఇంకా దగ్గరగా కనబడిద్ది."

దగ్గరగా కనబడటం ఆయన ఉత్తర్వుకు పూర్తిగా అనుకూలంగా ఉంది. వచ్చి పట్టుకున్నారు. సూది గుచ్చగానే మాలచ్చి తోక ఎత్తి ఆయన ముఖం మీద ఒక్కటి వేసింది. అనంతశయనం గారు జేబురుమాలుతో తుడుచుకుని, నోటు పుస్తకంలో రాశారు: "చికిత్స జరిగినట్లు ప్రత్యక్షముగా తెలిసినది."

పదిరోజులు గడిచేసరికి నోటు పుస్తకం మాట తగ్గింది, పలుపు పని పెరిగింది. యేసోబు సైకిలు మీద ముందు వెళ్ళి ఊళ్ళో దండోరా వేయించడం, వెనకాల జీపులో డాక్టరు, మందుల పెట్టె, అనంతశయనం గారు. పొద్దున్న ఒక ఊరు, మధ్యాహ్నం ఒక ఊరు. ఏ ఊళ్ళోనూ ఆయన్ని మజ్జిగ తాగకుండా వదల్లేదు. "ఇంటి గేదె పాలండీ, నీళ్ళు కలపలేదు" అని ఒకరు, "మా గేదె సంఖ్య ఎంతండీ?" అని ఒకరు. ఏ గేదె ఎవరిదో, ఏది పొడుస్తుందో, ఏది అలిగితే మేత ముట్టదో ఆయనకు నోటికి వచ్చేసింది. దీపావళికి వారం ముందు, నాలుగు వేల ఆరువందల పన్నెండో టీకా పడింది. నియోజకవర్గంలో టీకా పడని గేదె ఒక్కటి కూడా మిగల్లేదు.

ఆ మధ్యాహ్నమే అనంతశయనం గారు సాంబయ్య కొట్టుకు వచ్చారు. ఎండకు నల్లబడ్డారు, పెరుగుకు ఒళ్ళు చేశారు. బస్తా మీద కూర్చోమంటే మొహమాటపడకుండా కూర్చున్నారు.

"జవాబు సిద్ధమైనది. (అ) ఎనిమిది వందల నలభై. (ఆ) నాలుగు వేల ఆరువందల పన్నెండు. (ఇ)..."

"తెలుసు లెండి" అన్నాడు సాంబయ్య.

"ఎల్లుండి సభ ముందు పెడతాము. ఆ తర్వాత మేమందరం భవనానికి తిరిగి వెళ్ళవలసి యున్నది." ఆయన గొంతు కాస్త తగ్గింది. "అక్కడ రెండు వేల మూడువందల ప్రశ్నలు పెండింగులో ఉన్నవి. మంత్రిగారు గంటకోసారి ఫోను చేస్తారు. నా గదికి కిటికీ కూడా లేదండీ."

సాంబయ్య మాట్లాడలేదు. ఎదుటివాడు సరుకు బయటికి తీస్తున్నప్పుడు నోరు మూసుకుని ఉండటం ఆయనకు చిన్నప్పటి విద్య.

అనంతశయనం గారు జేబులోంచి మడత కాగితం తీశారు. "గౌరవ సభ్యులవారికి శ్రమ లేకుండా నేనే రాసి తెచ్చాను. వచ్చే సమావేశాలకు ఈ ప్రశ్న వేసినచో, మేము ఇక్కడే ఉండి జవాబు సేకరించవలసి వస్తుంది. దూడలకు నులిపురుగుల మందు విషయమై. కనీసం ఆరు నెలలు పడుతుంది."

సాంబయ్య చదివాడు. మంచి ప్రశ్న. ఎక్కడా తప్పించుకునే సందు లేదు. తప్పించుకోవడం తెలిసినవాడే రాశాడు గనక, తలుపులన్నీ ఎక్కడెక్కడ ఉంటాయో చూసి మరీ మూశాడు.

కాగితాన్ని మడిచి మళ్ళీ ఆయన ముందే పెట్టాడు.

"బాగుందండీ. కాకపోతే నాకు ప్రశ్నలతో పనేముంది? నాకు డాక్టరు కావాలి. ఇవాళ ఉన్నాడు, జవాబు ఇచ్చిన మర్నాడు ఉండడు. నేను ప్రతి ఆరు నెలలకీ డాక్టర్ని అద్దెకు తెచ్చుకున్నట్టు తెచ్చుకోలేను. ఫణీంద్రనీ, యేసోబునీ, ఆ ఫ్రిజ్‌నీ ఇంక ఏ జవాబుకీ పిలవకూడదని ఒక ఉత్తర్వు రాయండి. అది నా చేతిలో పడ్డాక, మీరు ఉండటానికి ఎన్ని ప్రశ్నలు కావాలో అన్ని వేస్తాను."

"అటువంటి ఉత్తర్వుకు పూర్వోదాహరణ లేదే."

"ఉప కార్యదర్శి గేదె పలుపు పట్టుకోవడానికి మాత్రం ఉందాండీ?"

అనంతశయనం గారు నవ్వారు. గంగిరేవులకు వచ్చాక ఆయన నేర్చుకున్నవాటిలో అది కూడా ఒకటి. తవుడు బస్తా మీదే కాగితం పరిచి, ఎవరి చేతా పరిశీలింపజేయకుండా, పావుగంటలో ఉత్తర్వు రాసి సంతకం పెట్టారు. సాంబయ్య దాన్ని రెండుసార్లు చదివి, ఆయన ముందే రోడ్డు దాటి వెళ్ళి, ఆసుపత్రి గోడకు తన చేత్తో మేకు కొట్టి తగిలించాడు. లోపల ఫణీంద్ర ఏదో దూడ నోట్లో చెయ్యి పెట్టి ఉన్నాడు. చదవడానికి కూడా బయటికి రాలేదు.

సాంబయ్య తిరిగి వచ్చేసరికి కొట్లో ఉప కార్యదర్శి గారు చేతులు కట్టుకుని, తను రాసి తెచ్చిన ప్రశ్న మీద సాంబయ్య సంతకం కోసం ఎదురు చూస్తూ నిలబడి ఉన్నారు. చెక్క కోసం వచ్చిన అంకమ్మ ఆయన్ని వింతగా చూస్తోంది.

"ఏందన్నా, ఈయన ఇంకా ఏం కావాలంటాడు?"

"ప్రభుత్వం తనని ఏమని అడగాలో తనే రాసి తెచ్చి అడగమంటోందమ్మా. ఏం చెప్పమంటావు?"

అంకమ్మ బస్తా ఎత్తి నెత్తిన సరిగ్గా కుదుర్చుకుంది. అనంతశయనం గారిని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"పరిశీలిస్తన్నామని చెప్పు" అంది. "రెండు మూడుసార్లు తిరగనియ్యి."